లోపలికి ఊడ్చిన ఊరు

“గనిలో బంగారం అయిపోవడంతో ఊరి ప్రజలు క్రమంగా వలస వెళ్ళిపోయారు.” బోర్డు మీద అలా రాసి ఉంది. రంగు ఇంకా సరిగ్గా ఆరలేదు. చదవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“వలసా నా బొందా! ఎవరే ఇది రాసింది?”

“నేనేనమ్మా,” అంది మా అమ్మాయి. నేను తిడతానని దానికి ముందే తెలుసు.

కొండల మీది పాత ఊళ్ళను జనానికి చూపించే ఆఫీసులో దానికి ఉద్యోగం. ఈ ఊరి చరిత్ర రాసే పని దాని నెత్తిన పడింది. బోర్డు నిలబెట్టేముందు తప్పులేమైనా ఉంటే చెప్పమని నన్నూ వాళ్ళ నాన్ననూ జీపెక్కించి తీసుకొచ్చింది. కొండ దిగిపోయిన తర్వాత మేము మళ్ళీ ఇక్కడికి రావడం ఇదే మొదలు. ఊరంటే ఇప్పుడేముంది? మొండిగోడలు, గని నోటి మీద తుప్పు పట్టిన ఇనుప చట్రం, మిల్లు పునాదులు. జీపు దిగిన దగ్గర నుంచి మా ఆయన కాలు ఒకచోట నిలవలేదు. వంగి రాయి తీస్తాడు, తిప్పి చూస్తాడు, పారేస్తాడు. నాలుగడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి.

“ఏమయ్యా, ఇంకా ఏం మిగిలిందని వెతుకుతున్నావు?” అన్నాను.

ఆయన పలకలేదు. అదేమీ కొత్త కాదు. ఆయన మాటల వంతు కూడా నేనే ఆడుకుంటూ ఇన్నేళ్ళ కాపురం లాక్కొచ్చాను.

“తప్పేముందమ్మా అందులో? బంగారం అయిపోలేదా?” అంది అమ్మాయి.

“అయిపోయింది. అయిపోతే ఇళ్ళెందుకు పోతాయే? కింద లోయలో అప్పుడే రోడ్డు పని మొదలైంది. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. రమ్మని పిలిచారు కూడా. ఎవరూ వలస పోలేదు. ఈ ఊరిని మేమే తవ్వుకు తిన్నాం. మా ఇల్లెవరు తిన్నారో మీ నాన్ననడుగు.”

మా ఆయన ఇంకో రాయి తీశాడు.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి దంపుడు మిల్లు పగలూ రాత్రీ ఆడుతూ ఉండేది. గనిలోంచి వచ్చిన రాయిని ఇనుప రోకళ్ళతో పిండి చేసే మిల్లు అది. ఆ దెబ్బలకు అలమరలో గిన్నెలు వణికేవి. గోడకు తగిలించిన అద్దం పొద్దున సరిచేస్తే సాయంత్రానికి వంకరపోయేది. కొత్తలో నాకు కంటి మీద కునుకు లేదు. అలవాటయ్యాక అది లేకుండా కునుకు లేదు. మిల్లు ఆగిందంటే గని లోపల ఏదో ఘోరం జరిగిందని లెక్క. వేరే ఊళ్ళలో చప్పుడైతే పసిపిల్లలు ఉలిక్కిపడతారు, మా ఊళ్ళో చప్పుడు ఆగితే ఉలిక్కిపడేవాళ్ళు.

వచ్చిన మర్నాడు, కొత్త కోడలినన్న వినయం కొద్దీ చీపురు పట్టుకుని ఇల్లంతా ఊడ్చి, దుమ్ము గుమ్మం దాటించబోయాను. మా అత్త వంటింట్లోంచి ఒక్క ఉరుకున వచ్చి చీపురు లాక్కుంది.

“ఇల్లు బయటికి ఊడుస్తావేమే! మీ అమ్మ నేర్పిన సంబడం ఇదేనా?”

“బయటికి కాకపోతే దుమ్ము ఎటు ఊడుస్తారత్తా?”

“లోపలికి!” అని కళ్ళెర్ర చేసింది.

ఈవిడకు పిచ్చేమోనని భయపడ్డాను. తీరా చూస్తే ఊరు ఊరంతా అదే తంతు. మిల్లులో పనిచేసే మగవాళ్ళ జుట్టులో, చొక్కా మడతల్లో, చెప్పుల అడుగున రాతిపొడి ఇంటికి వస్తుంది. అందులో ఏ కాస్తో బంగారం ఉండకపోదని ఆశ. అందుకని చొక్కా ఇంట్లోనే దులపాలి. ఊడ్చిన దుమ్మంతా పొయ్యి పక్క మూలకు నెట్టి, నీళ్ళు చిలకరించి, కాలితో తొక్కాలి. మా అత్త వాళ్ళ అత్త కూడా ఆ మూలకే ఊడ్చిందట. గోడల మెత్తుడు కూడా మిల్లు నుంచి పారిన బురదతోనే. ఆ మూలను మాత్రం ఎవరూ తవ్వేవారు కాదు. కష్టమొచ్చినప్పుడు “మూల ఉందిలే” అనుకునేవాళ్ళు, అంతే. ఆ మాటతోనే సగం కష్టం తీరేది.

అసలు మా కొండ బంగారం చూడటానికి బంగారంలా కూడా ఉండేది కాదు. వెండి కలిసి, జబ్బుపడి లేచిన మనిషి మొహంలా తెల్లగా పాలిపోయి ఉండేది. మిల్లులో మొదటిసారి చూసినప్పుడు “ఓస్, దీనికా ఇంత గోల!” అని నవ్వాను. మా ఆయన నొచ్చుకుని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. వట్టి మట్టిలో తనే బంగారం కలిపి, ఇదిగో దొరికిందని చూపించడాన్ని ఆ ఊళ్ళో ‘నాటడం’ అనేవారు. దొంగను నాలుగు తన్ని వదిలేసేవారు. తాగి కొట్టుకున్నవాళ్ళను చూసి నవ్వుకునేవారు. నాటినవాళ్ళకు మాత్రం క్షమాపణ లేదు. వాళ్ళ ఇంటి తలుపు ఊడదీసి, వీపుకు కట్టి, కొండ దిగేదాకా మోయించేవారు. దారిలో ఎవరూ గుక్కెడు నీళ్ళు కూడా పోయకూడదు. వట్టిపోయిన గోతిని అమ్ముకోవడానికి నాటాడని ఒకడి చేత మోయించడం నా కళ్ళతో చూశాను. వాడి ముసలి తల్లి వెనకాల నడుస్తూ, వాడికి బరువు తగ్గుతుందని తలుపు కొస ఎత్తి పట్టుకుంది. వీధి వీధంతా మొహం తిప్పుకుంది. మా అత్త కూడా తిప్పుకుంది.

నేను కడుపుతో ఉండి, ఆఖరి నెలలు నడుస్తుండగా ఒకనాటి మధ్యాహ్నం మిల్లు ఆగింది. అందరం గని దగ్గరకు పరుగెత్తాం. గనిలో ఏమీ కాలేదు. కంపెనీవాళ్ళు తాళం వేసి, టోపీలు పెట్టుకుని, కారెక్కి వెళ్ళిపోయారు. అంతే సంగతులు.

ఆ తర్వాతి నిశ్శబ్దం ఉందే, అది పగవాడికి కూడా వద్దు. చెవుల్లో ఈగ దూరినట్టు ఉండేది. ఎవరూ కూర్చునేవారు కాదు, కూర్చుంటే లేచేవారు. మగవాళ్ళు కాలు కాలిన పిల్లుల్లా వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేవాళ్ళు. మా ఆయన మరీను. ఊరికే తలుపు బందులు విప్పి బిగించేవాడు, బాగున్న కుర్చీకి మేకులు కొట్టేవాడు. చప్పుడు కోసమే కొట్టేవాడని నా అనుమానం. “రోడ్డు పనికి వెళ్ళరాదయ్యా” అంటే “రేపు” అనేవాడు. ఆ రేపు రాలేదు.

ఇంతలో పాత సామాను కొనేవాడొకడు వచ్చి, కంపెనీవాళ్ళు బంగారం కరిగించే గది నేలమీది చెక్కలన్నీ పీకించాడు. వాటిని నడివీధిలోనే కాల్చి, బూడిద కడిగాడు. పళ్ళెం అడుగున రేగుపండంత ముద్ద మిగిలింది. తెల్లగా, పాలిపోయి. ఊరంతా గుడ్లప్పగించి చూసింది. ఆ సాయంత్రం అందరూ తమ తమ పొయ్యి పక్క మూల వైపే చూస్తూ కూర్చున్నారు.

తెల్లారేసరికి గునపాల చప్పుడు. మూల తవ్వారు, నేల తవ్వారు. దొరికినవాళ్ళకు ఆవగింజంత, దొరకనివాళ్ళకు అదీ లేదు. మా వీధికి ఆ జబ్బు ఇంకా పాకలేదు. మా అత్త గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చుంది.

“కోడలి కాన్పు అయ్యేదాకా ఈ ఇంటి మీద గునపం పడిందో, నా శవం మీద పడ్డట్టే,” అంది కొడుకుతో.

“మూల ఒక్కటేనమ్మా. నేల జోలికి పోను.”

“మూల ఒక్కటే. మాట మీద ఉంటావా?”

“ఉంటాను.”

ముందు వానలు, ఆపైన చలి. బిడ్డ పుట్టేది అప్పుడే. ఈ కప్పు తప్ప నాకు వేరే దిక్కు లేదు. పుట్టింటివాళ్ళు ఉన్నది కొండలకు అవతల. కప్పు పోతే పసిగుడ్డును ఎక్కడ పడుకోబెట్టను?

ఆయన మూల తవ్వి, తట్టలకెత్తి, పెరట్లో తొట్టి దగ్గర కడగడం మొదలుపెట్టాడు. పొద్దంతా కడిగినా ఏమీ లేదు. రెండో రోజూ ఏమీ లేదు. వట్టి మట్టి. ఇన్ని తరాల ఆడవాళ్ళ నడుములు విరిగింది వట్టి మట్టి కోసమని తేలింది. నేను లోలోపల సంతోషించాను, ఇంక ఆపుతాడని. ఎక్కడ! ఏమీ దొరకని కొద్దీ ఆయన కళ్ళు నేల వైపు, గోడల వైపు తిరగసాగాయి. అన్నం తింటూ కూడా వేలి గోటితో గోడ గీరేవాడు.

ఆ మర్నాడు పొద్దున్నే వంటింట్లో అత్త రోలు ముందు కూర్చుని ఏదో నూరుతోంది. తొంగి చూశాను. తలగుడ్డ కొద్దిగా జారింది. ఒక చెవికి పోగు లేదు.

“అత్తా! ఏం చేస్తున్నావు?”

“నోరు మూసుకో,” అంది తల ఎత్తకుండా. “దొరకనివాడు తవ్వుతాడే. దొరికితే కడుపు నిండి కూర్చుంటాడు. వాడికి కాస్త దొరకనీ.”

“ఎవరికైనా తెలిస్తే తలుపు మోయిస్తారు అత్తా! ఈ వయసులో...”

“తెలిస్తే కదా. నువ్వు నేను తప్ప ఎవరు చెబుతారు? నీ కాన్పు కావాలి. ఆ తర్వాత వాడు కొండంతా తవ్వుకోనీ.”

పోగు పూసంత ముద్దగా నలిగింది. దానికి మట్టి రాసి, కొంగున ముడేసుకుని, తొట్టి పక్క ఆఖరి తట్టలో వేసి వచ్చింది. తలగుడ్డ చెవులు మూసేలా గట్టిగా బిగించుకుంది. నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

కాసేపటికి పెరట్లోంచి కేక. “దొరికింది! అమ్మా, దొరికిందే!” పళ్ళెం పట్టుకుని, ఒళ్ళంతా బురదతో, చిన్నపిల్లాడిలా వీధిలోకి పరుగెత్తాడు. అంత సంతోషం ఆయన మొహంలో పెళ్ళినాడు కూడా చూడలేదు. క్షణంలో వీధంతా మూగింది. జనం మధ్య నుంచి గంటల తాత వచ్చాడు. గనిలోకి దిగే బోనుకు జీవితమంతా గంట కొట్టినవాడు. ఊళ్ళో ఆయన మాటే ఆఖరి మాట. పూస తీసుకుని కంటికి ఆనించి చూశాడు గానీ, కంట్లో పువ్వేసి చాలాకాలమైంది.

“బంగారమేరా. నీ మూలదేనా?” అన్నాడు.

మా ఆయన పూసను నీళ్ళలో కడిగి, చొక్కాకు తుడిచి, వెలుతురులో పెట్టి చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు. తర్వాత గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూశాడు. పిడికిలి మూశాడు.

“నా మూలదే,” అన్నాడు.

“చాల్లేరా, దొరికిందిగా!” అని అత్త అక్కడి నుంచే అరిచింది. “ఇంక లోపలికి రా. కాన్పు కానీ, మిగతాది తర్వాత చూద్దాం.”

గంటల తాత నవ్వాడు. “దొరికినచోట ఎవడైనా ఆపుతాడా అమ్మా? నాటినవాడే ఆపాలి. ఇంక లేదని వాడికే కదా తెలిసేది!”

జనం ఘొల్లున నవ్వారు. అత్త నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మా ఆయన ఇంట్లోకి వచ్చి, మమ్మల్ని దాటుకుని, గోడకు ఆనించిన గునపం తీసుకున్నాడు.

ఇంక ఏం చెప్పను? నేలంతా పెళ్ళగించాడు. అత్త కాళ్ళు పట్టుకుంది, తిట్టింది, అన్నం మానేసింది. ఆయన చెవిన పడితేగా! గోడలు గీరాడు, గీరి గీరి పునాది బయటపడేదాకా తోడాడు. మూల మట్టిలో పూస దొరికిందన్న మాట ఊరంతా పాకి, అప్పటిదాకా ఓర్చుకున్నవాళ్ళు కూడా గునపం ఎత్తారు. ఏ వాకిట్లో చూసినా మట్టి కుప్పలే. జోరువానలో ఒక పొద్దున, మా నట్టింటి గోడ కూర్చుండిపోయి, కప్పు సగం దిగింది. దేవుడి దయ, అప్పుడు నేను పెరట్లో ఉన్నాను. ఆ అదురుకే నొప్పులు మొదలయ్యాయి. బోను నడిపే ఇంజను గదిలో, నూనె మరకల మీద గోనెపట్టా పరిచి అత్త పురుడు పోసింది. అలా పుట్టిందే ఇప్పుడు బోర్డు రాసిన ఈ మహాతల్లి.

కొండ దిగేటప్పుడు “ఆ పూసేదిరా?” అని అత్త అడిగింది. “ఎక్కడో పడిపోయింది,” అన్నాడు. అంతే, అత్త నడిదారిలో చతికిలబడి నెత్తి కొట్టుకుంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, పోగు సంగతి వాడికి చచ్చినా చెప్పనని పసిబిడ్డ మీద ఒట్టు వేయించుకుంది. బతికినంత కాలం కొడుకును ‘ఇల్లు తిన్నవాడు’ అనే పిలిచింది. మంచినీళ్ళు అడగాలన్నా అదే పిలుపు. “ఒక్క పూస దొరికితే ఇల్లు తిన్నాడు, ఆ పూసా పారేసుకున్నాడు” అంటూ అంటూనే కళ్ళు మూసింది. ఆవిడ పోయాక ఆ పాట నేను అందుకున్నాను. ఒట్టు ప్రకారం పోగు సంగతి మింగి, మిగతాదంతా వాయించేదాన్ని.

ఇవాళ బోర్డు ముందు కూడా అదే వాయించాను. అమ్మాయి విన్నది. తను ఇంజను గదిలో పుట్టిందని దానికి తెలుసు గానీ, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు వాళ్ళ నాన్న దగ్గరకు వెళ్ళి నిలబడింది. అప్పటికి ఆయన కొన్ని మొండిగోడల మధ్యకు చేరి ఉన్నాడు. అది మా ఇల్లు. పొయ్యి రాళ్ళు ఇంకా ఉన్నాయి.

“నాన్నా, అమ్మ చెప్పేది నిజమా? నేను పుట్టబోతుంటే ఒక్క పూస కోసం ఇల్లు కూల్చావా?”

నేనెన్ని అన్నా పట్టని మనిషి, అది అడిగేసరికి చేతిలో రాయి కింద పెట్టాడు.

“ఆ పూస ఎర్రగా ఉంది తల్లీ,” అన్నాడు.

“అంటే?”

“ఈ కొండలో ఎర్ర బంగారం పుట్టదు. రాగి కలిపితేనే ఎరుపు. అది నగ బంగారం.” నా వైపు తిరిగాడు. “మా అమ్మ పోగు. కడగ్గానే తెలిసింది నాకు.”

నాకు నోట మాట రాలేదు. నాకు! పురిటినొప్పులు పడుతూ కూడా నోరు మూయనిదాన్ని.

“తెలిసి... తెలిసి తవ్వావా?”

“అప్పటికే అరిచేశాను కదే. వీధంతా వచ్చేసింది. తాత ఏమన్నాడో విన్నావుగా. ఆపితే నాటినట్టే. ఒకడికి అనుమానం వచ్చి ఆ పూస చూపించమంటే? అమ్మ చెవి చూస్తే? తలుపు ఎవరి వీపుకు కట్టేవాళ్ళు?” పొయ్యి పక్క మట్టిని కాలితో మూలకు నెట్టాడు. “ఆ సాయంత్రమే పూసను మిల్లు బురదలో తొక్కేశాను. తర్వాత, ఉందని నమ్మినవాడు ఎలా తవ్వుతాడో అలా తవ్వాను. కప్పు వరకు రాకుండా ఆపుదామనే చూశాను. వాన ఆగనివ్వలేదు.”

“అయ్యో, ఆవిడతోనైనా చెప్పొచ్చు కదయ్యా! కిందికి దిగాక తలుపు ఎవరు మోయిస్తారు? పోయేదాకా నిన్ను నోటికొచ్చినట్టు తిట్టిందే!”

“చెబితే తన వల్లే ఇల్లు పోయిందని తెలిసేది. ఆ బాధ ఎక్కడ పడుతుంది? నన్ను తిట్టుకుంటూ హాయిగా పోయింది.”

ఏడుపు ఆగలేదు నాకు. ఆ మొండిగోడ పట్టుకుని, కూతురు చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. ఆయన కంగారుపడి ఒకసారి నా వైపు, ఒకసారి జీపు వైపు చూశాడు. ఓదార్చడం కూడా చేతకాదు మనిషికి. జేబులోంచి రుమాలు తీసి, రాళ్ళ మట్టి అంటిందని దులిపి, నా చేతిలో పెట్టాడు. దులిపినది బయటికి కాదు, మూల వైపే దులిపాడు.

అమ్మాయి బోర్డు దగ్గరకు వెళ్ళి నిలబడింది. చాలాసేపు చదువుతున్నట్టు నటించింది.

“అమ్మా, ఏం రాయమంటావు మరి? ఇప్పుడైతే మార్చొచ్చు. రేపు మేకులు కొట్టేస్తారు.”

రాస్తే గంటల తాత మనవలు చదువుతారు. ఆ వీధివాళ్ళ పిల్లలు చదువుతారు. మా అత్త నాటిందని అందరూ చెప్పుకుంటారు.

“ఏం మార్చక్కర్లేదు,” అన్నాను. “బంగారం అయిపోయింది, వెళ్ళిపోయాం. మేకులు కొట్టించు.”